ఫోటోగ్రాఫర్ ఫోన్‌లో నా క్రోషియా పువ్వులు

రేపు పంజాగుట్టలోని ఒక స్టూడియోలో నా క్రోషియా పుస్తకానికి ఫోటో షూట్. ఏ ఫోటో ఎలా రావాలో ముందే చూసుకుందామని, అల్లికలో ఒక్కో మెట్టు దగ్గర ఆపేసిన పువ్వులన్నీ, అల్లే పద్ధతి రాసిన పేజీతో సహా సంచిలో వేసుకుని ఈ రోజు మధ్యాహ్నం వెళ్లాను. ఫోటోగ్రాఫర్ కెమెరా పక్కన పెట్టేసి, సొంత ఫోన్‌తో ఒక్కో పువ్వునీ దగ్గరగా తీసి ఎవరికో పంపుతున్నాడు. అమీర్‌పేటలో అల్లికలు నేర్పే సెంటర్లకు కొదవా? పుస్తకం రాకముందే నా డిజైన్లు వాళ్ల చేతిలో పడితే?

"ఎవరికండీ పంపుతున్నారు?" అని నిలదీశాను.

"మా ఆమెకు మేడం. ఆమె ఎన్నడు సూది పట్టలె. మీరు రాసిచ్చిన కాగితం, గీ ఫోటోలు చూసి అల్లమన్న. ఆమెకు వస్తే అందరికీ వస్తది. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి."

నేను నమ్మలేదు. సంచి చంకలో ఇరికించుకుని మెట్రోలో ఇంటికొచ్చేశాను.

ఇందాక ఆవిడ అల్లిన పువ్వు ఫోటో పంపాడు. రేకులు విచ్చుకోకుండా గిన్నెలా ముడుచుకుపోయింది. అతని మీద అనుమానం తీరింది గానీ, ఇప్పుడు నేను రాసిన పేజీ మీద మొదలైంది. క్రోషియా బొత్తిగా రానివాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఆ పేజీ ఇప్పుడే పంపుతాను.