చప్పుడు చెయ్యని జంతికలు

నీళ్లలో వేసిన జంతిక ముందు వాము వాసన వేస్తుంది, తర్వాత నూనె వాసన. నిన్న మధ్యాహ్నం సుపేలా బజారులో కొన్న పొట్లం విప్పి, గిన్నెలో నీళ్లు పోసి ఒకటి అందులో వేశాను. కరకరలాడేదాన్ని చేజేతులా ముద్ద చేసుకుని తినే పిచ్చిది ఎవరమ్మా అని నవ్వుతారేమో. నవ్వండి, మీ ఇంట్లో నైట్ షిఫ్టు నాన్న ఉండి ఉండరు.

మా నాన్నకు భిలాయి స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పని. నైట్ షిఫ్టు వారాల్లో ఆయన పొద్దున్నే ఎర్ర దుమ్ము కొట్టుకున్న బట్టలతో వచ్చి, ఇంత చద్దన్నం తిని పడుకునేవారు. ఇక సాయంత్రం దాకా ఆ రెండు గదుల క్వార్టరులో ఈగ వాలినా వినబడాలి. కిటికీలకు పాత దుప్పట్లు కట్టేవాళ్లం, అమ్మ అంట్లగిన్నెల కింద గోనెసంచి పరిచేది, కుక్కరు కూత వెయ్యబోతుంటే పట్టకారుతో దాని నోరు మూసేది, గచ్చకాయలు ఆడాలంటే నేనూ చెల్లి జ్యోతీ బొంత పరుచుకుని ఆడేవాళ్లం. ఊరంతటికీ ఇనుము కాచే మనిషి ఇంట్లో స్టీలు గ్లాసు మోగకూడదు. మా బాల్యం అలా గడిచింది.

చలికాలం దిగుతుండగా దీపావళి వచ్చేది. బొగ్గుల కుంపటి మీద మూకుడు పెట్టి, అమ్మ అరిసెలూ కజ్జికాయలూ చేసి, చివర జంతికలు వత్తి డాల్డా డబ్బాలకెత్తేది. విజయనగరం వైపు నుంచి వచ్చిన చుట్టుపక్కల ఆడవాళ్లు సాయానికి కూర్చుని, మాటలన్నీ గుసగుసలుగానే ఆడుకునేవాళ్లు. అప్పుడే అమ్మ నన్ను చూపించి, “మా పెద్దగుంట నోట్లో నాలుక లేనిదమ్మా, ఏటి సెప్పినా అలాగే అంటాది” అని మురిసిపోయేది. నేనూ మురిసిపోయేదాన్ని. మంచిపిల్ల అనే పేరు ఒకసారి వచ్చిందంటే దాన్ని దించుకోవడం ఎంత కష్టమో అప్పటికి తెలీదు.

జ్యోతి అలా కాదు, నిప్పుకణిక. కోపమొస్తే కంచం విసిరేది, తన్నులు తినేది, ఏడ్చి ఏడ్చి ఆదమరిచి నిద్రపోయి లేచాక మామూలుగా అన్నం తినేది. దానికి ఏడుపొచ్చే చోట నాకు ఆకలేసేది. కోపం, భయం, ఒంటరితనం, ఏదొచ్చినా నాకు ఆకలిగానే వచ్చేది, అది కడుపులో ఆకలి కాదని తెలిసినా చెయ్యి డబ్బా మీదికే పోయేది.

హయ్యర్ సెకండరీ అయ్యాక పక్క ఊరు దుర్గ్ వెళ్లి కాలేజీలో చదవాలని నాకొక్కటే కోరిక. మార్కులు బాగా వచ్చాయి. డ్యూటీకి బయల్దేరుతూ, సైకిలు స్టాండు తీస్తూ నాన్న అన్నారు, “రోజూ బస్సెక్కి అంత దూరం ఎందుకే? ఇంటికాడే సదువుకో, ప్రైవేటుగా పరీచ్చలు రాద్దువు.” నేను “అలాగే నాన్నా” అన్నాను. జ్యోతి మాత్రం గేటు దాకా పరిగెత్తి, “అక్కకి ఇష్టం లేదు నాన్నా, దాని మొగం సూడండి” అని అరిచింది. నాన్న నా ముఖం చూశారు. నేను నవ్వాను.

మర్నాడు నాన్న పడుకున్నాక, వంటింట్లో గోడవార కూర్చుని, పండగ కాకపోయినా అమ్మ నింపి ఉంచే జంతికల డబ్బా మూత చీరకొంగు అడ్డంపెట్టి తీశాను. కొరికితే చప్పుడవుతుంది కాబట్టి, ఎప్పటిలాగే గిన్నె నీళ్లలో జంతికలు వేసి మెత్తబడగానే నోట్లో పెట్టుకోవడం మొదలుపెట్టాను. రుచి లేదు. నమలడం కూడా లేదు, మింగడమే. కడుపు నొప్పి పుట్టినా చెయ్యి ఆగలేదు, ఒక దశలో నొప్పి కూడా ఎవరిదో అనిపించింది, దుర్గ్ కాలేజీ కూడా ఎవరిదో అనిపించింది. అందుకోసమే తినేదాన్నని ఇప్పుడు తెలుస్తోంది.

తలెత్తితే గుమ్మంలో అమ్మ. హమ్మయ్య, దొరికిపోయాను అనుకున్నాను. తిట్టనీ, కొట్టనీ, చివరికి ‘ఏటయిందే నీకు’ అని అడుగుతుంది కదా, అడిగితే చెప్పేద్దాం అనుకుని గొంతు సవరించుకున్నాను కూడా. అమ్మ డబ్బాలోకి చూసింది, లోపలి గది వైపు చూసింది. “నెమ్మదే, నాన్న తొంగున్నారు” అంది. నా పక్కనే కూలబడి, డబ్బాలోంచి ఒక జంతిక తీసి గిన్నెలో వేసి, ఎంతసేపు నానాలో తెలిసినదానిలా సరిగ్గా విరిగిపోయే ముందు తీసి నోట్లో పెట్టుకుంది. ఇంకొకటి వేసింది. తల్లీకూతుళ్లం ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకోకుండా అలా తింటూ కూర్చున్నాం. మర్నాడు అమ్మ మళ్లీ పిండి కలిపింది.

తర్వాత నేను ప్రైవేటుగానే బి.ఏ. రాశాను, ఇక్కడే పెళ్లయింది, ఒళ్లొచ్చింది. అందరూ “మంచి తిండిపుష్టి” అని నవ్వితే నేనూ నవ్వాను. నాన్న పోయారు, ఆ వెనకే అమ్మ. క్వార్టరులో ఇప్పుడెవరో ఉంటున్నారు, కిటికీలకు దుప్పట్లు లేవు. కుంపట్లు లేవు, డాల్డా డబ్బాలు లేవు, గుసగుసలాడుతూ జంతికలు వత్తే ఆడవాళ్లూ లేరు. అమ్మ ఏ కోరిక మింగడానికి ఆ విద్య నేర్చుకుందో అడగలేదు, ఇప్పుడు అడగడానికి మనిషి లేదు. తలుచుకుంటే ఏడుపు కూడా రాదు.

నిన్న ఆ గిన్నె ముందు కూర్చుని తింటుండగానే పొట్లం సగం అయిపోయింది. మా అమ్మాయి వచ్చి చూసింది. దానికి తెలుగు కన్నా హిందీయే దగ్గర. గిన్నె పక్కకు జరిపి నా ఎదురుగా కూర్చుని, “క్యా హువా మమ్మీ?” అంది.

“ఏటీ లేదే, ఆకలేసింది.”

“ఇప్పుడే కదా అన్నం తిన్నావ్. ఏమైంది, చెప్పు.”

“నేను దుర్గ్ కాలేజీలో సదువుకోవాలనుకున్నానే” అన్నాను.

మాట పెద్దగా వచ్చింది. ఉలిక్కిపడి లోపలి గది తలుపు వైపు చూశాను. అక్కడ ఎవరూ పడుకుని లేరు.