కడగకూడని సీసా

చిక్కడపల్లి గ్రంథాలయానికి వెళ్లే దారిలో కిషన్ రావు జిరాక్స్ దుకాణం ఉంది. పొద్దున్నే అక్కడ కాగితాలు పెనం మీంచి తీసిన దోసెల్లా వెచ్చగా బయటికొస్తాయి. పాత ప్రశ్నపత్రాలు, ఎకానమీ నోట్సు, తెలంగాణ చరిత్ర. ఊళ్ల నుంచి వచ్చి అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉంటూ గ్రూప్స్‌కు చదివే పిల్లలు వాటిని గుండెకు హత్తుకుని పోతారు. ఆ వెచ్చదనం పక్కనే ఆయన కూతురు రాగిణి పెరిగింది. కూతురు కూడా ఏదో ఒక రోజు ఆ కాగితాలు హత్తుకుని గ్రంథాలయం మెట్లెక్కుతుందని ఆయన ఆశ.

డిగ్రీ అయ్యాక రాగిణి యూనివర్సిటీలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చేస్తానంది.

"అంటే ఏంది? మొక్కలు నాటుడా?"

"గది కూడ."

"నాటినంక ఏం జేస్తవ్?"

"నీళ్లు పోస్త నాన్న. గా నీళ్లల్ల ఏమున్నదో చూస్త."

చూసింది. రెండేళ్లు నేల, నీరు, గాలి, వాటిని కాపాడే చట్టాలు చదివింది. చివరి ప్రాజెక్టు కోసం హుస్సేన్‌సాగర్ నుంచి కవాడిగూడ, అశోక్‌నగర్, నారాయణగూడల మీదుగా పారే మురుగు నాలా వెంట నడిచింది. నగరం తన వీపు అక్కడ దాచుకుంది. ఇళ్లన్నీ దానికి పెరళ్లు చూపించి వీధుల్లో ముఖాలు కడుక్కుంటాయి. రాగిణి వంతెన వంతెన దగ్గరా ఆగి, తాడు కట్టిన బకెట్ దించి నీళ్లు పట్టేది. ఏ నీళ్లు పడుతున్నామో ఆ నీళ్లతోనే సీసాను ముందు మూడుసార్లు కడగాలి. రసాయనాల పరీక్షకు అదే పద్ధతి. ఆ పద్ధతి ఆమె మణికట్టుకు గాజులా అమరిపోయింది.

ఈ చదువుకు కొలువులెక్కడున్నాయని ఎవరైనా అంటే రాగిణికి ఒళ్లు మండుకొచ్చేది. తనతో చదివిన ఉదయశ్రీ మందుల కంపెనీలో వ్యర్థజలాల శుద్ధి చూస్తోంది. ఇంకొకతను కొత్త రోడ్లు, గనులు వచ్చే చోట నష్టాన్ని అంచనా వేసే సంస్థలో చేరాడు. కొందరు పాఠాలు చెబుతున్నారు, కొందరు కాలుష్య నియంత్రణ మండలి పరీక్ష కోసం మళ్లీ అశోక్‌నగర్‌కే చేరారు. రాగిణికి నారాయణగూడలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో నీళ్ల పరీక్షల పని దొరికింది. పెద్ద ల్యాబులు ఏడాది అనుభవం అడుగుతాయి. ఆ ఏడాది పూర్తయితే చాలు, తర్వాత ఎవరు ఏమడిగినా ముఖం మీదే జవాబు చెప్పొచ్చు.

చేరిన కొత్తలో ల్యాబ్ యజమాని రమాకాంత్ ఆమెను అశోక్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్‌కు పంపాడు. నీళ్లలో క్రిములున్నాయేమో చూడాలి. హాస్టల్ నడిపే శ్రీలక్ష్మి ఎదురొచ్చి మరీ తీసుకెళ్లింది. కుళాయి విప్పితే బ్లీచింగ్ వాసన గుప్పుమంది. ల్యాబ్ వాళ్లొస్తున్నారని పొద్దున్నే సంపులో పొడి కుమ్మరించినట్టుంది. రాగిణి మూత తీసింది, సీసాను మూడుసార్లు కడిగింది, నింపింది. నీళ్లు మంచివేనని రిపోర్టు వచ్చింది.

నెల తిరగకముందే ఆ హాస్టల్లో ఉండే రోజా జిరాక్స్ దుకాణానికి వచ్చింది. కామారెడ్డి వైపు పిల్ల, ఎప్పుడూ గలగలా మాట్లాడేది. ఆ రోజు గల్లాబల్ల పట్టుకుని నిలబడింది. కళ్లు పచ్చబడ్డాయి.

"ఏమైందే రోజా?" అంది తండ్రికి సాయంగా గల్లాలో కూర్చున్న రాగిణి.

"కామెర్లక్కా. మా ఫ్లోర్ల సగం మందికి ఇదే. వాంతులు, విరేచనాలు. బయట బజ్జీలు తింటున్నరని హాస్టల్ ఆంటీ మమ్మల్నే తిడుతున్నది."

"నీళ్లు?"

"నీళ్లు మంచియే కదక్కా. నువ్వే చూసినవట. గా రిపోర్టు కుళాయి మీద అతికిచ్చిన్రు. అది జూసే మేం క్యాన్ నీళ్లు కొనుడు బంద్ వెట్టినం."

రాగిణి తన కుడిచేతిని చూసుకుంది. అది అలవాటుగా చేసిన పని ఒక్కసారిగా కళ్లముందు ఆడింది. క్రిముల పరీక్షకిచ్చే సీసా వేరు. దాన్ని ఆవిరిలో శుద్ధి చేసి అడుగున చిటికెడు మందు ఉంచుతారు. నీళ్లలోని క్లోరిన్‌ను ఆ మందు అక్కడికక్కడే ఆపేస్తుంది. ఆపకపోతే ల్యాబ్ చేరేదాకా క్లోరిన్ సీసాలో క్రిముల్ని చంపుతూనే ఉంటుంది, చెడ్డనీళ్లు మంచినీళ్లుగా తేలతాయి. అందుకే దాన్ని కడగరు. ఆమె కడిగింది. నాలా దగ్గర నేర్చుకున్న శుభ్రమే ఇక్కడ విషాన్ని దాచింది.

రమాకాంత్ ఆమె చెప్పిందంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"రిపోర్టు వాపస్ తీస్కుంటే ల్యాబ్ ఇజ్జత్ ఏమైతదమ్మా? కొత్తగా చేరినవ్, చేయి జారింది. పెదవి విప్పకు. వాళ్లు మళ్ల పిలుస్తరు, అప్పుడు కరెక్ట్‌గ చెయ్యి."

"అప్పటిదాంక వాళ్లు ఏం తాగాలె సార్?"

"పరేషాన్ గాకు. నీకు అనుభవం సర్టిఫికెట్ కావాల్నా వద్దా?"

ఇంట్లో తండ్రి కూడా అన్నం కలుపుతూ అదే అన్నాడు, కొంచెం మెత్తగా. "తప్పు జేసిన అని నువ్వే చెప్పుకుంటే రేపు ఎవడు కొలువిస్తడు బిడ్డా? జర ఓపిక పట్టు. చూసినోళ్లెవలన్న ఉన్నరా?"

"నేనున్న కద నాన్న."

కిషన్ రావు ముద్ద దించేశాడు. కూతురు తప్పు ఒప్పుకుంటోందో, తనతో పోట్లాడుతోందో ఆయనకు అర్థం కాలేదు. ఆమెకు మాత్రం రెండూ ఒకటే.

మర్నాడు హాస్టల్లో టిఫిన్ల వేళకు రాగిణి భోజనాల గదిలోకి నడిచింది. శ్రీలక్ష్మి ఉప్మా గంటె పట్టుకునే అడ్డం వచ్చింది. "ఏందమ్మా, చెప్పకుంట వచ్చినవ్?"

"చెప్పి వస్తే బ్లీచింగ్ వేస్తరు కద ఆంటీ."

రాగిణి కుళాయి మీది రిపోర్టు ఊడదీసి అందరికీ కనబడేలా పట్టుకుంది.

"ఇది నేనిచ్చింది. ఇది తప్పు. కడగొద్దన్న సీసా నేను కడిగిన. గీ నీళ్లు తాగకుండ్రి."

ఒక మూల నుంచి నవ్వు వచ్చింది. "సీసా కడుగుడు తప్పయితే మా అవ్వ జైళ్ల ఉండాలక్కా!"

"మీ అవ్వ మంచిగనే కడిగింది. కడగొద్దని చదువుకున్నది నేను." ఆ మందు సంగతి, క్లోరిన్ సంగతి వివరంగా చెప్పింది.

"మొన్న మంచియన్నవ్, ఇయ్యాల చెడ్డయంటున్నవ్," అంది గదిలో పొడుగ్గా ఉన్న పిల్ల. "ఏది నమ్మాలక్కా?"

"నన్ను నమ్మకుండ్రి. మీరే చూడుండ్రి."

సంచిలోంచి చిన్న గాజుసీసా తీసింది. అడుగున మందు పట్టించిన కాగితం ఉంది. యూనివర్సిటీలో ఉండగా ఊళ్లకు వెళ్లినప్పుడు ఇలాంటివే వాడేవాళ్లు. నీళ్లు పోసి వెచ్చగా ఉంచితే చాలు, మలం కలిసిన నీళ్లయితే నల్లబడుతుంది. ల్యాబ్ ముద్ర అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు. ఈసారి ఆమె కడగలేదు. రోజా చేతికిచ్చింది. పచ్చని కళ్ల పిల్ల కుళాయి విప్పి గీత దాకా నింపి, అందరూ తిరిగే మెట్ల దగ్గరి కిటికీలో పెట్టింది.

"నా హాస్టల్ల నీ తమాషా ఏంది!" అంటూ శ్రీలక్ష్మి సీసా మీదికి చెయ్యి చాపింది. పొడుగు పిల్ల కిటికీకి వీపు ఆనించి నిలబడింది. ఆమె పక్కన ఇంకొకతె. టిఫిన్ పళ్లేలతోనే మెట్ల నిండా కూర్చున్నారు. జనరల్ స్టడీస్ పుస్తకాలు అక్కడికే వచ్చాయి. కాపలా చదువు సాగింది.

మరుసటి రోజు కిటికీలో నీళ్లు కాటుక రంగులో ఉన్నాయి. ఒక్కొక్కరే వచ్చి చూసి, తాగిన గ్లాసులు లెక్కపెట్టుకున్నారు. తర్వాత తమ గదుల్లోని నీళ్ల బకెట్లన్నీ తెచ్చి శ్రీలక్ష్మి ఆఫీసు గది ముందు బోర్లించారు.

నారాయణగూడ ల్యాబ్‌లో రాగిణి తన రిపోర్టు నకలు మీద "నీళ్లు పట్టడంలో తప్పు నాది, ఈ ఫలితం చెల్లదు" అని రాసి సంతకం పెట్టి, రమాకాంత్ బల్లమీద ఉంచింది. ఆయన దాన్ని చదివి, రేపటి నుంచి రావద్దన్నాడు. ఏడాదికి ఇంకా చాలా నెలలున్నాయి. రాగిణి తెల్లకోటు విప్పి మడిచి, ఇదే మాట ఫోన్లో ఆరోగ్య శాఖ వాళ్లకూ చెప్పానని చెప్పి మెట్లు దిగింది.

ఆరోగ్య శాఖ వాళ్లు వచ్చి హాస్టల్లో సంపు తోడించారు. అడుగుదాకా ఖాళీ అయ్యాక వెనకగోడకు చీలిక బయటపడింది, హాస్టల్ వెనకే పారే నాలా వైపు. అందులోంచి నల్లటి చెమ్మ మెల్లగా, సిగ్గు లేకుండా దిగుతోంది. పిల్లలు చుట్టూ చేరి వంగి చూస్తున్నారు.

"నా హాస్టల్ పేరు ఖరాబ్ జేసినవ్," అంది శ్రీలక్ష్మి. "ఇప్పుడు ఖుషేనా?"

"గోడ కట్టియ్యుండ్రి ఆంటీ. అయినంక వచ్చి మళ్ల నీళ్లు చూస్త."

"నిన్ను ల్యాబ్ల నుంచి తీసేసిన్రట కద. ఏ హోదాతోని వస్తవ్?"

"కొలువు తీసేసిన్రు. చదువు తీసెయ్యలే," అని రాగిణి చున్నీ నడుముకు బిగించి, ఆ చీలిక ఎంత లోతుందో చూడ్డానికి నిచ్చెన దిగింది.