వెనక పేజీ చదవని వకీల్ సాబ్

పొద్దున్నే మా వంటింట్లోంచి గరగరమని చప్పుడు వస్తుంది. పెరుగు గిన్నె మీది మూతను పిల్లి గోళ్ళతో గీరే చప్పుడు. మూత బాగా బరువు, కదలదు. పిల్లి కాసేపు గీరి, విసుగెత్తి, కిటికీలోంచి దూకి వెళ్ళిపోతుంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాకు వీరభద్రప్ప వకీలుగారి మీద కోపం వస్తుంది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదని మా పాస్టరుగారు అంటారు. ఆయనకేం, ఎన్నయినా అంటారు. వకీలుగారు తెచ్చిపెట్టుకున్న తంటాకు ఉత్తరాలన్నీ టైపు కొట్టింది నేను.

పందొమ్మిది వందల అరవై మూడులో జహీరాబాదులో ఒక ఆడపిల్ల టైపు మిషను ముందు కూర్చుంటే వీధిలో పోయేవాళ్ళు ఆగి మరీ చూసేవారు. మా నాన్న రాయికోడ్‌లో బడిపంతులు. హైదరాబాదులో టైపు నేర్చుకుని వచ్చిన నాకు, ఎవరేమనుకుంటారో అని ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఉద్యోగం ఇచ్చిన మనిషి వకీల్ సాబ్. పొట్టి మనిషి, గొంతు మాత్రం బజారు చివరిదాకా వినిపించేది. వాళ్ళ పెద్దలు బీదరు వైపు నుంచి వచ్చినవాళ్ళు. కోపమొస్తే కన్నడంలోకి, ఇంకా ఎక్కువైతే ఉర్దూలోకి దిగేవారు. చదవని కాగితం మీద వేలిముద్ర వేసి వచ్చేవాళ్ళకు ఆ రెండూ కలిపి వడ్డించేవారు.

న్యాల్‌కల్ రైతు సంగప్ప వచ్చిన రోజు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. అప్పు కాగితమనుకుని వేలిముద్ర వేశాడు. తీరా చూస్తే అది ఐదెకరాల చేను రాసిచ్చిన కాగితం.

"ఏం రాసున్నదో అడిగినవా?" అన్నారు వకీల్ సాబ్.

"లేదు సాబ్. షావుకారి మంచోడని ఏసిన."

"మంచోడైతే కాయిదం ఎందుకయ్యా? సదువు రాకుంటె ఒకనితోని సదివించుకోవద్దా? కాయిదం తిప్పి ఎనుక చూస్తె చెయ్యి అరుగుతదా?"

సంగప్ప తువ్వాలు చేతుల్లో నలుపుకుంటూ నిలబడ్డాడు. అతణ్ణి కూర్చోమని కూడా అనలేదు ఈయన. నా వైపు తిరిగి, "ఎస్తేరమ్మా, యాదుంచుకో. ఏ కాయిదమైనా ఎనుక నుంచి సదువు. ముందర అన్నీ మంచి మాటలే ఉంటయి," అన్నారు. యాదుంచుకున్నాను. ఉంచుకోనిది ఆయనే.

రెండేళ్ళు గడిచాక, హైదరాబాదులో పాత వస్తువుల వ్యాపారం చేసే ఆయన స్నేహితుడు ఒక పుస్తకం పంపాడు. జర్మనీలో ఏదో వేలం కంపెనీ వాళ్ళ కాటలాగు. అందులో ఒక పాన్‌దాన్ బొమ్మ ఉంది, తమలపాకులు పెట్టుకునే పెట్టె. నల్లటి లోహం మీద వెండి తీగలు పొదిగిన బీదరు పనితనం. వకీల్ సాబ్ భూతద్దం పెట్టుకుని చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఇది మా అవ్వది! గీ మూత మీద తీగె చూడు. గీ మూల ఆకు చూడు!"

చూశాను. అగ్గిపెట్టెంత బొమ్మలో నాకు ఒక నల్ల డబ్బా కనబడింది. ఆ మాటే చెబితే, నాకు కళ్ళజోడు అవసరమన్నారు.

సంగతేమిటంటే, అవ్వ అంటే వాళ్ళమ్మ. ఆయన వకీలు చదువు చదివేటప్పుడు తండ్రి లేడు. ఫీజు కట్టడానికి అవ్వ తన పుట్టింటి పాన్‌దాన్‌ను బీదరులో అమ్మేసింది. అప్పటి నుంచి ఆమె తమలపాకులు ఒక తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బాలో పెట్టుకునేది. ఆఫీసు వాళ్ళింటి ముందు గదే కాబట్టి, ఆమె ఆ డబ్బా మూత తీసినప్పుడల్లా ఈయన ముఖం పక్కకు తిప్పుకోవడం నేనే చాలాసార్లు చూశాను. అవ్వకు డెబ్బై దాటాయి, కళ్ళు మసకబారుతున్నాయి. చూపు పూర్తిగా పోకముందే ఆ పాన్‌దాన్ ఆమె ఒళ్ళో పెట్టాలి. అదీ ఆయన పట్టుదల. "అవ్వకు జెప్పకు. ఒక్కసారే ఒళ్ళె పెట్టి మూత తీయిస్త," అన్నారు చిన్నపిల్లాడిలా. ఆ ముఖం చూసి నేను కూడా మెత్తబడ్డాను. అదే నా తప్పు.

వేలంలో మా పాట ఎంతో రాసి పంపే ఫారం నింపి సంతకం పెట్టారు. ఆయన నేర్పిన చదువే కదా అని నేను కాగితం తిప్పాను. వెనక పేజీ నిండా చీమల బారుల్లా చిన్న అక్షరాలు, అన్నీ జర్మన్ భాషలో.

"సార్, వెనక ఏదో ఉంది. మనకు రాని భాష."

"అవన్నీ ఉత్త ఖాయిదా కానూన్లు. దునియాల అందరు సంతకం పెట్టేటివే. కవర్ మీద అడ్రస్ కొట్టు."

నిజం చెబుతున్నాను, ఆ క్షణాన టైపు మిషను ఎత్తి కింద పడేయాలనిపించింది. సంగప్పను నిలబెట్టి తిట్టిన నోరు అదే కదా!

పాన్‌దాన్ మాకే దక్కింది. ఆఫీసంతా జిలేబీలు పంచారు. జిలేబీ పాకం చేతుల మీద ఆరకముందే ఉత్తరాలు మొదలయ్యాయి. పాడిన పాట మీద కంపెనీకి కమీషను ఉందట. మిషన్ దవాఖానలో జర్మన్ తెలిసిన నర్సమ్మ ఒకామె ఉంటే, ఆమెతో ఆ వెనక పేజీ చదివించుకుని వచ్చాను. కమీషను, దాని మీద పన్ను, చెక్కపెట్టె, బీమా, ఓడ కిరాయి, అన్నీ కొన్నవాడి నెత్తినే. వస్తువు ఉన్నది ఉన్నట్టే, ఎవరిదో ఏనాటిదో వాళ్ళకు పూచీ లేదు. ఆమె ఒక్కొక్క వాక్యం చదువుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. స్నేహితుడి అన్న జర్మనీలో ఉద్యోగం చేస్తూ అక్కడి డబ్బులో కట్టేశాడు. ఇక్కడ మేము వాళ్ళ ఇంటికి రూపాయల్లో తీర్చేలోపే, అరవై ఆరు జూన్‌లో సర్కారు రూపాయి విలువ తగ్గించింది. ఒక్క రోజులో ఆ బాకీ సగానికి పైగా పెరిగి కూర్చుంది. నేను టైపు మిషనుకు రిబ్బను అడిగి అప్పటికి నాలుగు నెలలు. ఆ ఉత్తరాలను వెలిసిపోయిన రిబ్బనుతోనే, అక్షరాన్ని రెండేసి సార్లు కొడుతూ రాశాను.

పెట్టె బొంబాయి చేరింది, అక్కడే ఆగిపోయింది. విదేశీ వస్తువుకు లైసెన్సు ఏదన్నారు కస్టమ్స్ వాళ్ళు. రోజూ గోదాము కిరాయి పెరుగుతోంది. చివరికి అక్కడ సరుకు విడిపించే ఏజెంటు ఒక దారి రాశాడు. ఇది మా ఇంటి పాత సొత్తే, తిరిగి మా ఇంటికే వస్తోంది అని మొదట దాన్ని అమ్మిన మనిషి చేత ప్రమాణపత్రం ఇప్పిస్తే వదులుతారట. ఇక అవ్వకు చెప్పక తప్పలేదు.

ఆమెను ఆఫీసు గదిలోకి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. ఒళ్ళో బిస్కెట్ల డబ్బా. ఈయన కోర్టులో నిలబడినట్టే నిలబడ్డారు. నేను కాగితం ఎక్కించాను.

"అవ్వా, నీ పాన్‌దాన్ ఎవరిచ్చిన్రు?"

"మా అవ్వ ఇచ్చింది. పెండ్లికి."

"ఎవరికి అమ్మినవ్?"

"బీదర్‌ల ఒక సేటుకు. నీ ఫీజుకే గద."

"మూత మీద వెండి తీగె ఉండె. ఔనా?"

"ఉండె కాదు, ఉన్నది. మూత నేనెక్కడ అమ్మిన?"

నా వేళ్ళు ఆగిపోయాయి. వకీల్ సాబ్ గొంతు మొదటిసారి చిన్నదయింది. "మూత అమ్మలేదా?"

"పోయిందని జెప్పిన. సేటు ధర తగ్గించిండు. తగ్గిస్తె తగ్గించనీ అన్న." అవ్వ డబ్బా మీద చెయ్యి పెట్టుకుంది. "అంతా ఇచ్చి రాబుద్ధి కాలే, కొడుకా."

"మరి ఏదవ్వా అది?"

"పెరుగు గిన్నె మీద లేదా? బరువున్నది, పిల్లి తియ్యదు. ముప్పై ఏండ్ల సంది దినాం నువ్వే తీసి పెరుగు ఏసుకుంటున్నవ్ గద."

నేనే వంటింట్లోకి వెళ్ళి తెచ్చాను. మసి, జిడ్డు పట్టి పెనం ముక్కలా ఉంది. చీర చెంగుతో గట్టిగా రుద్దితే సన్నగా ఒక వెండి తీగ తేలింది. కాటలాగులోని పాన్‌దాన్‌కు మూత ఉంది. అంటే అది ఎవరిదో. జిల్లా మొత్తాన్ని అడ్డప్రశ్నలు వేసి ఏడిపించిన ఈ మనిషి, తన ఇంట్లో తల్లిని ఒక్క ప్రశ్న అడగలేదు!

"ముందే అడగకపోయినవ్?" అంది అవ్వ, ఆమెకూ విసుగే.

వకీల్ సాబ్ మిషన్‌లోంచి కాగితం లాగారు. సగం టైపయిన ఆ కాగితాన్ని తిప్పి వెనక చూశారు. వెనక ఏమీ లేదు. మడిచి జేబులో పెట్టుకున్నారు. అబద్ధపు ప్రమాణం మాత్రం చేయించలేదు, ఆ ఒక్క మెప్పూ ఆయనకు దక్కాలి. బొంబాయి నుంచి ఇంకో మూడు నోటీసులు వచ్చాయి. తరవాత, ఎవరూ విడిపించుకోని సామానుతో పాటు దాన్ని కూడా వేలం వేస్తున్నామని ఉత్తరం వచ్చింది. మళ్ళీ వేలం! ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ నెలలోనే సంగప్ప తన చేను కేసు వాయిదా కోసం వచ్చాడు. అలవాటుగా గోడ పక్కన నిలబడ్డాడు.

"కూసో సంగప్పా. నేను సదువుత, నువ్వు ఇను. తెల్వకుంటె మల్ల అడుగు."

"నేను ఏలుముద్ర ఏసి తప్పు జేసిన సాబ్..."

"నేను గూడ ఏసిన, పో. నాకు సదువొచ్చి ఏసిన."

సంగప్ప చేనులో మూడెకరాలు నిలిచాయి, రెండు పోయాయి. ఆ తరవాత ఆ ఆఫీసులో ఎవరినీ నిలబెట్టి తిట్టడం నేను వినలేదు. కాగితం ముందూ వెనకా చదివి వినిపించాకే వేలికి సిరా పూసేవారు.

అరవై తొమ్మిదిలో నా పెళ్ళి కుదిరి ఊరు వదిలాను. అప్పటికి అవ్వ లేదు. బస్సు దగ్గరికి వకీల్ సాబ్ పాత పేపరులో చుట్టిన బరువైన వస్తువొకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. పట్టుకోగానే ఏమిటో తెలిసింది. కోపమొచ్చింది.

"ఇది మీ అవ్వది సార్. మీ దగ్గర ఉండాలి గానీ నాకెందుకు?"

"నా ముంగట ముప్పై ఏండ్లు ఉంటె నేను చూడలే," అన్నారు. "నువ్వు చూస్తవ్."

చూస్తున్నాను సార్. రోజూ పెరుగు తోడుపెట్టేటప్పుడు తిప్పి వెనక కూడా చూస్తున్నాను. ఏ పని మొదలుపెట్టినా, అడగవలసిన మనిషి ఇంట్లోనే ఉన్నారేమో ముందు వెతుక్కుంటున్నాను. అయినా మీ మీద కోపం పోలేదు.