పదకొండు చుట్లు

పోయిన ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా కూతురు ఒక అట్టపెట్టె తెచ్చి నా ఒళ్ళో పెట్టి తెరవమంది. హోసూరు నుంచి రోజూ బెంగళూరుకు వెళ్ళి ఉద్యోగం చేసి వచ్చే పిల్ల. పిల్ల అంటున్నాను గానీ నలభైకి దగ్గరపడింది. పెట్టెలో గోధుమరంగు తీగచుట్ట ఉంది. బోన్సాయ్ చెట్లకు చుట్టడానికే తయారుచేసిన అల్యూమినియం తీగట, ఫోనులో నొక్కిన రెండోనాటికే గుమ్మంలోకి వచ్చిందట. వేలితో వంచి చూశాను, వంచినట్టల్లా వంగింది. "దీంతో చుడితే మచ్చ పడదంట నాయనా" అని ఆ మచ్చ అనే మాటను కాస్త ఒత్తి పలికింది. వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినబడింది.

ఆ నవ్వు వెనక ఉన్న సంగతి మా ఇంట్లో ఇన్నేళ్ళుగా మా ఆవిడ చెప్పిన విధంగానే చెలామణీ అవుతోంది. నా తరఫు వాదన వినే నాథుడు లేడు. చదివే మీరు చాలామంది నా ఈడువాళ్ళే అయి ఉంటారు, కొత్తగా పెళ్ళయిన రోజుల్లో ఏదో ఒక ఘనకార్యం మీరూ చేసే ఉంటారు, కనుక మీకు చెప్పుకుంటే తప్పులేదనిపించింది.

అప్పటికి నేను కృష్ణగిరిలో మోటారు వైండింగ్ షాపు పెట్టి రెండేళ్ళు. బావి మోటారు కాలిపోవడమంటే ఏమిటో ఈ కాలం వాళ్ళకు తెలియదు గానీ, కరెంటు సన్నగా వచ్చే ఆ రోజుల్లో వారానికి నాలుగైనా ఎడ్లబండి మీదో, బస్సు మీదో నా షాపుకు వచ్చేవి. కాలిన మోటారును నిప్పుల్లో పెట్టి, లోపలి పాత రాగితీగను లాగేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టడం మా పని. నాకు ఈ పని నేర్పిన మేస్త్రి చుట్టుకూ చుట్టుకూ మధ్య వెంట్రుకంత సందు కనిపించినా స్క్రూడ్రైవరు పిడితో వేళ్ళమీద ఒక్కటిచ్చేవాడు. సందు ఉండకూడదు, బిగువు తగ్గకూడదు, అంతే నేను నేర్చిన విద్య. గర్వంగా చెప్పుకోకూడదు గానీ, నా చేతి చుట్టు చూసి చుట్టుపక్కల మేస్త్రీలు తల ఊపేవారు.

మా ఆవిడది బాగలూరు. మా మామ అక్కడ ఒక పూలతోటలో మాలి, గులాబీలకు అంట్లు కట్టడంలో ఆయనకు మంచి పేరు. తోట యజమాని బెంగళూరు మనిషి, మరుగుజ్జు చెట్ల పిచ్చి ఉన్నవాడు, ఆయన దగ్గర మా మామ ఆ విద్య కూడా పట్టాడు. కూతురు బడికి పోయే రోజుల్లో జూనిపర్ కొమ్మ ఒకటి నాటి ఆమె చేతికిచ్చాడట. మనవాళ్ళు క్రిస్మస్ చెట్టు అని అనేస్తారే, ఆ జాతి. రొట్టెలు కాల్చుకునే మట్టి పెంకుకు అడుగున చిల్లుపెట్టి అందులో పెంచింది ఆమె. పెళ్ళయి కాపురానికి వచ్చిన రోజున అందరు పెళ్ళికూతుళ్ళూ ఇత్తడి బిందెలు పట్టుకుని దిగుతారు, మా ఆవిడ మాత్రం బిందెను తమ్ముడికిచ్చి చెట్టును తను పట్టుకుని బస్సు దిగింది. మూరెడు ఎత్తు, బొటనవేలంత మాను, కత్తెరతో కత్తిరించి కత్తిరించి గుడి గోపురంలా తీర్చింది. స్నానాల గది పక్కన, ఎండ తగలని మూల చూసి పెట్టుకుంది. కృష్ణగిరి ఎండ సంగతి మీకు చెప్పనక్కర్లేదు.

ఏడో నెలలో పురిటికి పుట్టింటికి పోతూ నాకు ఒక్కటే అప్పగింత చెప్పింది. "నీళ్ళు పోస్తే సాలు. ఇంగేమీ చేయొద్దండి." ఊరుకున్నంత ఉత్తమం లేదని పెద్దలు ఊరికే అనలేదు. కానీ ఆ నెలలోనే షాపు సరుకుకని బెంగళూరు వెళ్ళి, పూల ప్రదర్శన జరుగుతోందంటే తొంగిచూశాను. అక్కడ ఇలాంటి జూనిపరే ఒకటి, కొండ అంచున గాలికి ఒరిగినట్టు ఒక పక్కకు వాలి ఉంది, దాని ఒంటినిండా రాగితీగ చుట్టి ఉంది. రాగితీగ చూసేసరికి నాకు ప్రాణం లేచివచ్చింది. ఇంతేనా, ఇది నా పనే కదా అనుకున్నాను. ఆవిడ తిరిగొచ్చేసరికి గోపురాన్ని అలా వాల్చి ఆశ్చర్యపరుద్దామని ఆ ఆదివారమే కూర్చున్నాను.

కొత్త తీగ నాలుగు పోగులు కలిపి, మొదలు నుంచి చివరిదాకా, సందు లేకుండా, బిగువు తగ్గకుండా చుట్టాను. మోటారుకు చుట్టినట్టే చుట్టాను. అడ్డమనిపించిన కొమ్మలు నరికాను, నరికినచోట షాపులోని వార్నిష్ పూశాను, మానును ఒక పక్కకు లాగి వంచాను. పని ముగించి దూరంగా నిలబడి చూసుకుంటే నా మేస్త్రి కూడా శభాష్ అంటాడనిపించింది. బాగలూరు వెళ్ళినప్పుడల్లా ఆవిడ ముందు చెట్టు ఎట్లుంది అనే అడిగేది, బిడ్డ పుట్టిన రోజున కూడా అడిగింది. చూస్తే ఆశ్చర్యపోతావు అనేవాణ్ణి, అది అబద్ధం కాలేదు.

బిడ్డకు ఐదో నెల వచ్చాక ఇంటికి వచ్చింది. చెప్పులు విడవకుండానే స్నానాల గది పక్కకు వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళి మెచ్చుకోలు కోసం నిలబడ్డాను. ఆవిడ బిడ్డను నా చేతికిచ్చి, నా సంచిలోంచి కటింగ్ ప్లేయరు తీసుకుని, అక్కడే నేలమీద కూర్చుని ఒక్కొక్క చుట్టూ తుంచడం మొదలుపెట్టింది. ఆరేడు నెలల్లో చెట్టు లావెక్కింది, తీగ మాత్రం నేను చుట్టినంతే ఉంది. కొమ్మల మీదివి ఎలాగో ఊడివచ్చాయి గానీ మానులో కొన్ని చుట్లు బెరడును కోసుకుని లోపలికి దిగిపోయాయి. వాటిని ఒక్కొక్కటే పెరికి తీస్తూ పైకే లెక్కపెట్టింది. పదకొండు. ఆకు పచ్చగానే ఉంది కదా అని గొణిగాను. "ఈ చెట్టు సచ్చిపోయినాక కూడా రెండు నెలలు పచ్చగానే ఉంటుంది" అంది. మర్నాడు పొద్దున్నే ఒక చంకలో బిడ్డ, ఒక చంకలో చెట్టు, బాగలూరు పోతానంది. "ఇది తేరుకొంటే వస్తాను." తేరుకోకపోతే ఏమిటన్నది ఆమె చెప్పలేదు, నాకు అడిగే ధైర్యం లేదు.

ఇక ఆదివారం వచ్చిందంటే కృష్ణగిరిలో బస్సెక్కి హోసూరులో దిగి, అక్కణ్ణుంచి బాగలూరు బస్సుకోసం పడిగాపులు పడటమే నా బతుకైంది. మొదటి ఆదివారం మామ నన్ను కూర్చోబెట్టి, రాగిముద్ద పెట్టించి, నేను తినడం అయ్యేదాకా ఆగి, "ఏమప్పా, చెట్టుకు కూడా కరెంటు ఇద్దామనుకొంటివా?" అన్నాడు. తరువాత గులాబీ అంట్ల పందిరి కిందికి తీసుకుపోయి చూపించాడు. మట్టిలో నీళ్ళు తక్కువ, ఆకు మీద మాత్రం రోజుకు రెండుసార్లు చిలకరిస్తున్నారు. నా పనిలో సరైనది ఒక్కటుందన్నాడు, నరికినచోట వార్నిష్ పూయడం. వానచుక్క లోపలికి దిగకుండా అది కాపాడిందట. ఆ ఒక్క మెప్పు పట్టుకుని వారమంతా బతికాను.

వారాలు గడిచేకొద్దీ శిఖరం ఎర్రబడింది, ఆ తరువాత ఒక పక్క కొమ్మలన్నీ ఎర్రబడ్డాయి. ఆవిడ నాతో ముక్తసరిగానే మాట్లాడేది. బిడ్డ మాత్రం నన్ను గుర్తుపట్టి నవ్వడం నేర్చింది, నా వైపు ఉన్నది ఆ ఒక్క మనిషే. కాపురం పోతుందని నిజంగా భయపడ్డానా అని ఇప్పుడు అడిగితే నవ్వేస్తాను గానీ, అప్పుడు భయపడ్డాను. మూడు నెలలు దాటిన ఒక ఆదివారం బస్సు దిగేసరికి ఆవిడ బస్టాండులో నిలబడి ఉంది. నన్ను చూడగానే ముందు నడిచింది. పందిరి కింద అన్నిటికన్నా కింది కొమ్మ చివర, లేత పచ్చని మొన ఒకటి, గోరంత. దాన్ని చూపించి నా మొహం చూసింది. నేను ఏడ్చానని ఆమె కథలో ఉంటుంది. కంట్లో దుమ్ము పడిందని నా కథలో ఉంటుంది.

"నేను వస్తాను, కానీ కృష్ణగిరి ఎండకు ఇది రాదు" అంది. ఆరు నెలలు తిరక్కుండా నేను షాపు ఎత్తి హోసూరుకు మార్చాను. ఫ్యాక్టరీలు వస్తున్నాయని ముందుచూపుతో వచ్చాడు అని బంధువులు మెచ్చుకున్నారు. నేను కాదనలేదు.

ఇక అసలు పని అప్పుడు మొదలైంది. మామ వేసవికొకసారి వచ్చి చెట్టు ముందు కూర్చునేవాడు. "పోయిన తలను గురించి ఏడ్సొద్దు, ఉన్న కొమ్మ యాడికి పోతా ఉందో చూడప్పా" అనేవాడు. ఏడాదికి ఒక పనే చేయనిచ్చేవాడు. మొదటి ఏడాది ఏమీ చేయకపోవడమే పని, అది నాకు అన్నిటికన్నా కష్టమైంది. రెండో ఏడాది ఎండిన శిఖరాన్ని కొట్టేయకుండా బెరడు ఒలిచి సున్నం పూశాం, తెల్లని కొమ్ములా నిలిచింది. మూడో ఏడాది మట్టి మార్చాం. నాలుగో ఏడాది బతికిన ఆ కింది కొమ్మనే కొత్త చెట్టుగా చేయాలని తడిపిన గోనె పీలికలు చుట్టి, దానిమీద తీగ వేయాలన్నాడు.

తీగ అనగానే ఇంట్లో అందరూ నన్ను చూశారు. నేను షాపుకు వెళ్ళి, కాలిన మోటార్లలోంచి తీసిన పాత రాగి పట్టుకొచ్చాను. మంటలో కాలి మెత్తబడిన రాగి అది, పాతసామానువాడికి వేసేదే. మామ దాన్ని వేళ్ళమధ్య వంచి చూసి కళ్ళు పెద్దవి చేశాడు, బెంగళూరు యజమాని దగ్గర కూడా ఇంత మంచి తీగ లేదన్నాడు. చుట్టడం మాత్రం నా చేతికి ఒక పట్టాన రాలేదు. ఏటవాలుగా, సందు వదిలి, వదులుగా చుట్టాలి. నా వేళ్ళు ఊరుకోవు, చుట్టును చుట్టు పక్కకే తోస్తాయి. ఆవిడ చూసి చూసి, పక్కన కూర్చుని, ప్రతి చుట్టు తరువాత తన వేలు అడ్డంపెట్టింది. ఆ వేలు దాటాకే నేను ఇంకో చుట్టు వేయాలి. అలా కొమ్మ చివరిదాకా వెళ్ళాం. మేస్త్రి స్క్రూడ్రైవరు నేర్పని విద్య ఆ వేలు నేర్పింది.

ఆ తరువాత ఏటా కొద్దికొద్దిగా వంచుతూ, తీగ బిగుసుకోకముందే తుంచుతూ ఇంకా నాలుగేళ్ళు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు గానీ, తొందరపెట్టకపోతే మానూ వంగుతుంది. వంగింది చెట్టు ఒక్కటే కాదని మా ఆవిడ అంటుంది. చూస్తుండగానే అది ఒక పక్కకు, కొండ అంచున ఒరిగినట్టు వాలింది. నేను ఒక్క ఆదివారంలో చేయబోయిన వాలు అదే. ఎనిమిదేళ్ళు పట్టింది.

మామ ఉన్నన్నాళ్ళూ మచ్చలున్న వైపును గోడకు తిప్పి, బాగున్న వైపునే ముఖం చేశాడు. అల్లుడి మర్యాద కాపాడాడు. ఆయన చనిపోయిన ఏడాది మట్టి మార్చేటప్పుడు మా ఆవిడ తొట్టిని ఇటు తిప్పేసింది. పదకొండు చుట్లూ వాకిట్లోకి వచ్చేవాళ్ళందరికీ కనిపించసాగాయి. ఎందుకలా అంటే, "మా నాయన మాన్పింది యాడుందో తెలియాల గదా" అంది. అప్పట్నుంచి ఎవరడిగినా నా ఘనకార్యం చెప్పడం, వాళ్ళు నవ్వడం. ఈ మచ్చలు ఎప్పుడు పూడుతాయా అని నేను ఏళ్ళతరబడి ఎదురుచూశాను.

ఇప్పుడు మోటారు కాలితే చుట్టించేవాళ్ళు తక్కువ, కొత్తది కొనేస్తారు. నా షాపున్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. కాలిన రాగి నాలుగు మూరలు మాత్రం ఒక డబ్బాలో దాచుకున్నాను, మా కూతురి పెట్టె చూశాక అది బయటికి తీయబుద్ధి కాలేదు. ఆ మధ్యాహ్నమే ఆమె కొత్త తీగతో ఒక చిన్న రెమ్మను చుట్టింది. చకచకా, వదులుగా, సమానమైన సందులతో చుట్టింది, ఎవరూ వేలు అడ్డంపెట్టనవసరం రాలేదు. ఫోటో తీయడానికి ఏ వైపు ముఖమని అడిగితే, వాళ్ళమ్మ చేయి తుడుచుకుంటూ వచ్చి, మచ్చలవైపే అని చెప్పి, చూపించబోయి ఆగిపోయింది. మాను ఇప్పుడు నా మణికట్టంత లావైంది. కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ వేలితోనే, కిందినుంచి పైకి తడిమింది. మళ్ళీ పైనుంచి కిందికి తడిమింది.

"పదకొండు ఉండాల, నాలుగే దొరకతా ఉండాయి" అంది, మిగతావి నేనేదో దాచేసినట్టు నావైపు చూస్తూ.

నేనూ వంగి తడిమి చూశాను. నాలుగే. పోవాలని అన్నేళ్ళు కోరుకున్నవాణ్ణి, పోయాయంటే మనసంతా దిగులైపోయింది. అయినా ఆ నాలుగింటి లోతు చూస్తే, మా ఇద్దరి కాలానికీ సరిపోతాయనిపించింది.