ఇస్కెందెరున్‌లో మా తేయ్‌జే

మా చిన్నప్పుడు గాలికి కూడా ఒక పేరుండేది... యారిక్‌కాయా. కొండల మీంచి ఊరి మీదకి దూకేది. అది మొదలైందంటే బాల్కనీలో ఆరేసిన బట్టలు సముద్రం పాలే!

ఆ ఊరు ఇస్కెందెరున్. టర్కీలో మధ్యధరా ఒడ్డున ఉన్న రేవు పట్నం. విశాఖలో క్రేన్ల ఇంజినీరుగా ఉన్న నాన్నకి అక్కడి రేవులో మూడేళ్ల పని దొరికితే అమ్మా, నేనూ కూడా వెళ్లాం. నాకప్పుడు ఎనిమిదేళ్లు.

మా పై అంతస్తులో నెర్మిన్ అనే ఆవిడ ఉండేది. నేను తేయ్‌జే అని పిలిచేదాన్ని... అంటే వాళ్ల భాషలో పిన్ని. ఆవిడ కూతురు సెలిన్‌ది నా ఈడే.

ఒక మధ్యాహ్నం ఆ గాలి విరుచుకుపడింది. నాన్న రేవులో ఉన్నారు. నెలలు నిండిన అమ్మ, సత్తుగిన్నెలో చారు పెడుతూ పెడుతూ పొయ్యి గట్టు పట్టుకుని కూలబడిపోయింది.

"తేయ్‌జేని పిలువమ్మా..." అంది పంటి బిగువున.

పరుగున మెట్లెక్కి తలుపు బాదాను. "అన్నె! అన్నె!" అని ఏడ్చాను. వాళ్ల భాషలో అన్నె అంటే అమ్మ. అంతే... పిండి చేతులతో, చెప్పులైనా లేకుండా దిగి వచ్చింది.

అలలు రోడ్డు మీదకి ఎగిసిపడుతున్నాయి. ఒక్క టాక్సీ ఆగలేదు. తేయ్‌జే వెళ్లి రోడ్డుకి అడ్డంగా నిలబడింది. చేపల వ్యాను ఒకటి కీచుమంటూ ఆగింది. ఖాళీ బుట్టల మధ్య అమ్మని పడుకోబెట్టి, తల ఒళ్లో పెట్టుకుంది. సాయంత్రానికి తమ్ముడు పుట్టాడు. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదని డాక్టరు నాన్నతో అన్నారట.

ఆ తర్వాత నలభై రోజులూ మా వంట తేయ్‌జేదే. చింతపండు దొరకని ఊళ్లో దానిమ్మ పులుసుతో చారు పెట్టడం అమ్మకి నేర్పింది కూడా ఆవిడే...

సాయంత్రాలు నన్నూ, సెలిన్‌నీ సముద్రపు గట్టు మీద నడిపించేది. అలెగ్జాండర్ పేరు మీద వెలసిన ఊరట. ఒకప్పుడు సిరియాలోని అలెప్పో నుంచి ఒంటెల మీద సరుకులు ఇక్కడికే వచ్చేవట. వాళ్ల తాతగారు ఓడలకి మూటలు ఎత్తేవారట. "మా నానమ్మ ఇల్లు కదలలేదు. దేశమే మారింది. నిన్న ఫ్రెంచివాళ్లది, ఇవాళ మాది" అని, ఫ్రెంచి ఏలుబడి నుంచి ఊరు టర్కీలో కలిసిన సంగతి చెప్పి నవ్వేది.

మేం విశాఖ వచ్చేశాక కూడా అమ్మా, ఆవిడా ఒకరినొకరు వదులుకోలేదు. మొదట ఉత్తరాలు, తర్వాత ఫోన్లు. నాన్న పోయాక అమ్మ నా దగ్గరికి, అమెరికాలోని ఇర్వింగ్‌కి వచ్చేసింది. ప్రతి ఆదివారం వీడియో కాల్. వచ్చీ రాని టర్కిష్, మధ్యలో తెలుగు... ఇద్దరికీ అన్నీ అర్థమయ్యేవి.

ఆ ఆదివారం సాయంత్రం అమ్మ కొత్తిమీర ఒలుస్తోంది. మాకు సాయంత్రం, వాళ్లకి తెల్లవారుజాము. టర్కీలో భూకంపం అని నా ఫోన్‌లో వార్త... వెంటనే సెలిన్ మెసేజ్. తను అక్కడికి రెండు మూడు గంటల దూరంలో, మెర్సిన్‌లో ఉంటుంది. "అమ్మ బిల్డింగ్ కూలిపోయిందట. బయల్దేరుతున్నాను."

అమ్మ తేయ్‌జే నంబరుకి ఫోన్ చేసింది. రింగయింది!

"మోగుతోందే! మోగుతోందంటే ఉన్నట్టే కదా!"

ఎత్తలేదు. మళ్లీ చేసింది. మళ్లీ...

టీవీలో రేవు తగలబడుతోంది. కంటైనర్ల మీంచి నల్లటి పొగ. సముద్రం వీధుల్లోకి వచ్చేసింది. అమెరికాలోనే మరో ఊరు, కమ్మింగ్ నుంచి తమ్ముడి ఫోను.

"అక్కా, నేను వెళ్తాను."

"వీసా స్టాంపింగ్ లేదు కదరా. వెళ్తే రిటర్న్ ఎలా వస్తావ్?"

"నా పాస్‌పోర్ట్‌లో పుట్టిన ఊరు అదే కదక్కా..." అని వాడు ఏడ్చేశాడు.

సెలిన్ చేరేసరికి అయిదంతస్తులూ ఒకదాని మీద ఒకటి అప్పచ్చుల్లా పడి ఉన్నాయి. నాకు ఫోన్ చేసింది. "ఆంటీ చేత మాట్లాడించు. అమ్మ ఆ గొంతు గుర్తుపడుతుంది." స్పీకర్ పెట్టి, ఫోన్ పట్టుకున్న చేతిని శ్లాబుల సందులోకి చాచింది. అక్కడివాళ్లు అందరినీ నిశ్శబ్దంగా ఉండమన్నారు. యంత్రాలు ఆపేశారు.

"నెర్మిన్... నేనే... పద్మని. వినపడుతోందా? ఒక్కసారి పలకవే... రాయితో కొట్టవే..."

ఏమీ లేదు. అమ్మ గొంతు పోయేదాకా పిలిచింది. తెలుగు, టర్కిష్, ఏది నోటికొస్తే అది. నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డాను... అంతకన్నా నాకు చేతనైంది ఏముంది?

మర్నాటికి తేయ్‌జే ఫోన్ మోగడం ఆగిపోయింది. అమ్మ అప్పుడూ ఊరుకోలేదు. "చార్జింగ్ అయిపోయి ఉంటుంది, అంతే" అంది. మూడో రోజు తీశారు. నిద్రలోనే పోయి ఉంటుందన్నారట. సెలిన్ ఆ మాట నమ్మిందో లేదో నాకు తెలీదు. అమ్మ మాత్రం నమ్మలేదు. "నేను పిలిచేటప్పటికి ఉంది. పలకలేకపోయింది" అని ఇప్పటికీ అంటుంది.

సెలిన్ ఆ ఊరికే తిరిగి వెళ్లిపోయింది. భూకంపం తర్వాత వేసిన కంటైనర్ ఇంట్లో ఉంటూ చుట్టుపక్కల పిల్లలకి చదువు చెబుతోంది. నేల కుంగడంతో, పెద్ద వానొస్తే సముద్రం ఇప్పటికీ బజారులోకి వస్తుందట. నీళ్లు తోడిపోసి మళ్లీ దుకాణాలు తెరుస్తారట. రేవులో ఓడలు ఆగుతున్నాయి. గట్టు మీద జనం టీ తాగుతున్నారు.

మొన్న వీడియోలో మా బిల్డింగ్ ఉన్న చోటు చూపించింది. ఖాళీ స్థలం... కార్లు పెట్టుకున్నారు. మన వంటిల్లు ఎటువైపు ఉండేదే అని అమ్మ అడిగింది. నేను ఆ కార్ల మధ్య వెతికాను.

నాన్నల ఉద్యోగాల వెంట వెళ్లి పరాయి ఊళ్లలో పెరిగిన వాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. అక్కడ మిమ్మల్ని కన్నబిడ్డల్లా చూసుకున్న వాళ్లెవరైనా ఉంటే, వాళ్ల పేరూ ఊరూ కింద కామెంట్లలో రాయండి... అమ్మకి ఒక్కొక్కటీ చదివి వినిపిస్తాను. ఆదివారం సాయంత్రాలు ఆవిడకి ఏం చేయాలో తోచడం లేదు.