తేగలు తవ్వేదాకా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చీపురుపల్లి దగ్గర మా ప్రాథమిక బడిలో చదివే పిల్లలందరికీ ఆ సంగతి తెలుసు. కానీ రెండో తరగతిలో ఒక పిల్ల దగ్గర మాత్రం నా కోపం, నా ప్రేమ రెండూ పనిచేయలేదు. కసిరినా, బుజ్జగించినా, బిస్కెట్టు చూపించినా నోరు విప్పేది కాదు. రాయమంటే గుండ్రంగా, ముచ్చటగా రాసేది. చదవమంటే మాత్రం నేల చూపులు చూసేది.

వాళ్ళ నాన్న తాపీ పని చేస్తాడు. కొన్నాళ్ళు హైదరాబాదులో ఉండి, ఆ ఏడే కుటుంబాన్ని తీసుకుని సొంతూరు వచ్చేశాడు. అక్కడి బడిలో ఈ పిల్ల ‘ఏమిటి’ అనడానికి ‘ఏటి’ అన్నప్పుడల్లా పక్కవాళ్ళు పగలబడి నవ్వేవారట. దాంతో ఇంటి గుమ్మం దాటితే మాట్లాడడం మానేసింది.

ఓ మధ్యాహ్నం ఆయన పిల్లని వెంటబెట్టుకుని నా దగ్గరికొచ్చాడు. “ఇంట్లో బాగానే మాటాడతాది మేడమ్. బయటికొస్తే నోరు కుట్టేసినట్టే. ఊర్లో అందరూ మూగదంటన్నారు. విశాఖపట్నంలో ఇలాటి పిల్లలకి హాస్టలు ఉన్నాదట, అక్కడేస్తే మాటలొస్తాయట. మా గుంట పేరు బళ్ళోంచి తీసీండి” అన్నాడు. పిల్ల ఆయన చొక్కా అంచు పట్టుకుని నిలబడింది. ఏడవలేదు గానీ, ఎంత గట్టిగా పట్టుకుందో వేళ్ళు తెల్లబడిపోయాయి.

ఇంట్లో మాత్రమే మాట్లాడే పిల్లని ఇంటికే దూరం చేస్తే ఇక మాట్లాడేదెక్కడ? అదే మాట ఆయనతో అంటే వినిపించుకోలేదు. అప్పుడు మా పిల్లలు బడి వెనక ఇసుక నేలలో తాటి టెంకలు పాతుతున్నారు. నాకేం తోచక, “తేగలు తవ్వేదాకా ఆగండి. అప్పటికీ మాట్లాడకపోతే మీ ఇష్టం” అనేశాను. ఆయన టెంకల వైపు ఓసారి చూసి సరేనన్నాడు. టెంక మొలిచి, మొలక భూమిలోకి దిగి, తేగగా ఊరడానికి చలికాలం దాకా పడుతుందని ఆయనకు నేను చెప్పక్కర్లేదు. గడువైతే దొరికింది, మరి పిల్ల చేత మాట్లాడించడం ఎలాగో దేవుడికే తెలియాలి.

నిజానికి ఆ టెంకల పని కూడా నా కోపం వల్లే మొదలైంది. అన్నాలు తిన్నాక సగం తరగతి నిద్రపోయేది, మిగతా సగం కొట్టుకునేది. ఒకరోజు ఒళ్ళు మండి, “పదండర్రా బయటికి” అని అందరినీ బడి వెనక్కి తోలేశాను. అదో శిక్ష అనుకున్నాను. వెళ్ళి చూస్తే పిల్లలు దెబ్బలాటలు మర్చిపోయి తాటిచెట్ల కింద తిని పారేసిన టెంకలు ఏరుకుంటున్నారు. సరే, తేగలు వేద్దామన్నాను. ఇసుక గుల్ల చేసి గట్టు పోశాం. నాతో సహా తలా ఒక టెంక పాతి, పక్కనే పేరు రాసిన పుల్ల గుచ్చాం.

అప్పటి నుంచి రోజూ అన్నాలయ్యాక మా తరగతి అక్కడే. గిజిగాడి గూళ్ళు చూశాం. చచ్చిన మిడతని చీమలు మోసుకుపోతుంటే వాటి వెనకే నడిచాం. బోర్డు మీద తీసివేతలు తప్పే పిల్లలు గులకరాళ్ళతో చేసి చూపించేవారు. చేత్తో ముట్టుకున్న దాని పేరు ఎవరూ తప్పు రాయలేదు. పిల్లల ముఖాల్లోకి కళ వచ్చింది. నా గొంతు కూడా తగ్గిందని మా ఇంట్లోవాళ్ళు అన్నారు.

అంతా బాగుంది గానీ, ఒకచోట పేరున్న పుల్ల మాయమై, ఇసుక రోజూ కదిలినట్టు ఉండేది. ఎవరో తవ్వి మళ్ళీ కప్పుతున్నారు. “ఎవర్రా తవ్వుతున్నది?” అని గద్దించినా ఎవరూ ఒప్పుకోలేదు. దొంగని పట్టుకుని తీరాలని, మర్నాడు బడి మొదలయ్యే ముందే వెళ్ళి గోడ చాటున నక్కాను.

వచ్చింది ఆ పిల్లే. ఇసుక పక్కకి తోసి, తన టెంకని బయటికి తీసి, ఒళ్ళో పెట్టుకుంది. “ఏటే, లోపల సీకటిగా ఉన్నాదా? బయపడకు. నానిక్కడే ఉన్నాను” అంది.

ఆ గొంతు వినడం నాకదే మొదటిసారి. అలా తవ్వితే మొలక విరిగిపోతుందే అని కేకేయబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. టెంక పోతే పోనీ. ఆ మధ్యాహ్నం నేను కూడా వెళ్ళి ఆమె పక్కనే కూర్చుని, నా టెంక పాతినచోట వంగి, “ఒలే, ఏటి సేస్తన్నావే లోపల? తొంగున్నావేటి, నిద్దర సాల్లేదా?” అన్నాను. అది మా అమ్మ భాష, బళ్ళో నేనెప్పుడూ మాట్లాడనిది. పిల్ల ఓరగా చూసింది. చప్పుడు లేకుండా నవ్వింది. తర్వాత రోజుల్లో నా కొంగు పట్టి లాగి చీమల బారు చూపించేది, పిట్టని చూపించేది. మాట మాత్రం లేదు. చలి ముదురుతోంది, గడువు దగ్గర పడుతోంది.

తేగలు తవ్వే రోజు వాళ్ళ నాన్న వచ్చాడు. పిల్లలు ఒక్కొక్కరే తవ్వి పొడుగాటి తేగలు లాగుతుంటే కేరింతలే కేరింతలు. ఈ పిల్ల తవ్వితే టెంక, దానికి నల్లబడిన చిన్న మొలక ముక్క, అంతే. పక్కనున్న పిల్ల కిసుక్కున నవ్వి, “దీనిది సచ్చిపోనాది” అంది.

“సావలేదు” అంది మా పిల్ల.

అందరూ నోళ్ళు తెరుచుకుని చూశారు. ఆమె లేచి నిలబడింది. “నానే రోజూ తవ్వి సూసినాను. ఊరికే పీకి, మళ్ళీ పాతితే ఎలాగెదుగుతాది? దాన్ని ఒక్కకాడ ఉండనియ్యాల” అని, గబగబా వాళ్ళ నాన్న దగ్గరికెళ్ళి టెంక చేతిలో పెట్టింది. “పగలగొట్టు నాన్నా. లోపల తియ్యగా ఉంటాది.”

ఆయన కత్తి తీసుకుని టెంకని రెండు చెక్కలు చేశాడు. లోపల తెల్లటి గుంజు ఉబ్బి ఉంది. ఒక చెక్క పిల్లకిచ్చి, రెండోది చేతిలోనే పట్టుకుని నా వైపు తిరిగాడు. “ఐద్రాబాదు నుంచి పీకి ఇక్కడెట్టినాను. ఇక్కడ్నుంచి మళ్ళీ పీకీడమేటి మేడమ్. ఉండనీండి” అన్నాడు.

నాకు ఏడుపొచ్చేసింది. అది కనబడకుండా, తేగలు సరిగ్గా పేర్చలేదని పిల్లల్ని తిట్టిపోశాను. ఎవరూ భయపడలేదు.

వెళ్తూ వెళ్తూ ఆయన గట్టు దగ్గర ఆగి, “మళ్ళీ యేడు కూడా పాతుతారేటి మేడమ్?” అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే పిల్ల చెప్పింది. “పాతుతాం. ఈసారి నాను తవ్వను.”