నీలిరంగు వేలు

మొన్న ఓటు వేసి వస్తుంటే వేలి మీది సిరా వాసనకు నాయనమ్మ గుర్తొచ్చింది.

నాకు ఆరేళ్లప్పుడు, కాశిబుగ్గలో ఆమె వెంట పోలింగ్ కేంద్రానికి వెళ్లాను. మా మగ్గానికి నూలిచ్చే సేటు మనిషి గేటు దగ్గరే మమ్మల్ని ఆపాడు.

"ఎండల ఎందుకొచ్చినవ్ అవ్వా? నీ ఓటు మేం చూసుకుంటం. రేపటికి నూలు కావాల్నా, వద్దా?"

నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగింది. ఎంత మంచివాడో అనుకున్నాను.

ఇంటికి రాగానే ఆమె నూలుకు వేసే నీలిరంగును వేలికి రాసుకుంది. నాకూ పెట్టమన్నాను.

"నీకింకా ఓటు లేదు బిడ్డా."

"వేసొచ్చినవా వదినా?" అని పక్కింటామె అడిగితే ఆ వేలు చూపించింది. ఓటు ఇంట్లోనే వేస్తారు కాబోలనుకున్నాను.

సాయంత్రం గిన్నెలు తోముతూ ఆ ఒక్క వేలు తడవకుండా ఎత్తిపట్టుకుంది. తనను వెనక్కి పంపారని ఎవరికీ తెలియకూడదనే అలా చేసిందని ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు చూసి నవ్వాను.